దించకూడని తల

ముక్కు దురద పెట్టడానికి సరిగ్గా ఈ గంటే దొరికింది. చేతులు ఖాళీగా ఉన్న మిగతా ఇరవై మూడు గంటలూ ఏమైపోయిందో గానీ, రెజిన్ కలిపి అచ్చులో పోసి, మూత బిగించి, పది వేళ్ళతో ఎత్తి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టానో లేదో, మాస్కు లోపల, ఎడమ ముక్కుపుటం పక్కన, చీమ పాకినట్టు మొదలైంది. గోక్కోవడానికి లేదు. అచ్చు కింద పెట్టడానికీ లేదు. ముందుకి, వెనక్కి, కుడి చెవి కిందకి, ఎడమ చెవి కిందకి, నెత్తి కిందకి, గడ్డం కిందకి, మళ్ళీ ముందుకి. లోపల గ్లాసుడు రెజిన్ నీళ్ళలా అటూ ఇటూ జారుతోంది, ఆ చప్పుడు వినిపిస్తోంది, అది జారినంతసేపూ నేను తిప్పుతూనే ఉండాలి. ఎక్కడ ఆపితే అక్కడే చేరి గట్టిపడుతుంది. ఒక చెంప ఇటుకలా, ఇంకో చెంప ఉల్లిపొరలా తయారవుతుంది. గోడ గడియారంలో పదీ ఎనిమిది. పోసింది పదింటికి. ఇది నెమ్మదిగా గట్టిపడే రకమమ్మా, గంట పడుతుంది, తొందరపడకండి అని రంగుల షాపాయన నిమ్మకు నీరెత్తినట్టు చెప్పి చేతిలో పెట్టాడు. తిప్పేది ఆయనా? అచ్చు నాలుగు కిలోలుంది. లోపల మెత్తటి సిలికాన్, దాని బయట రెండు చెక్కలుగా ప్లాస్టర్ డొల్ల, అవి విడిపోకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టు. చంటిపిల్లని ఆడించినట్టే కదా అంటాడు మా ఆయన, ఈ గదికి కంపుగది అని పేరు పెట్టి గుమ్మం దాటి లోపలికి రాని మనిషి. చంటిపిల్లయితే ఈపాటికి నిద్రన్నా పోయేది, ఏడుపన్నా మొదలుపెట్టేది, ఏదో ఒకటి తేల్చేది.

నా చేతుల్లో ఉన్నది బామ్మ తల. మా బామ్మ కాదు, మా బొమ్మలాటలో బామ్మ, సణుగుళ్ళ బామ్మ. తెర పైన ఆవిడ జుట్టుముడి కనిపిస్తే చాలు, ఇంకా నోరైనా తెరవకముందే ముందు వరసలో పిల్లలు నవ్వడం మొదలుపెడతారు. చలి ఎక్కువైందని సణుగుతుంది, తగ్గిందనీ సణుగుతుంది. దొంగ వచ్చి పెట్టె ఎత్తుకుపోతుంటే తలుపు మెల్లగా వెయ్యరా, నిద్ర పాడవుతుందని సణుగుతుంది. అసలు తల నాన్న కర్రతో చెక్కాడు. అదిగో, ఎదురుగా షెల్ఫులో కూచుని నన్నే చూస్తోంది, ఏమీ చేతకాదే నీకు అన్నట్టు. ముప్ఫై ఆరేళ్ళ నుంచి అన్నయ్య ఆ తలని కుడిచేత్తో మెడకర్ర దగ్గర పట్టుకుని, చెయ్యి నెత్తికి పైగా ఎత్తి, ఆట అయ్యేదాకా దించకుండా ఆడిస్తున్నాడు. బామ్మ రెండు చేతులకీ ఉన్న పుల్లలు నావి. తల అన్నయ్యది, చేతులు నావి, గొంతు అన్నయ్యది, గాజుల చప్పుడు నాది. అన్నయ్య చంక కింద నిలబడి నిలబడి నా మెడ ఒక పక్కకి వంగిపోయిందని వదిన ఆటపట్టిస్తుంది. ఆ కర్ర తల కిలోకి పైనే ఉంటుంది. కిలో అంటే కూరగాయల సంచిలో ఏమీ కాదు, ఎత్తిన చేతిలో గంటసేపు ఉంటే తెలుస్తుంది. నాకు ఇప్పుడు తెలుస్తోంది, భుజం దగ్గర్నుంచి మోచేతిదాకా. కిందటేడాది నుంచి అన్నయ్య మణికట్టు నొప్పి అంటున్నాడు. రెండు ఆటలు మానేశాడు. పోయిన గురువారం, నా మొహం కూడా చూడకుండా, కిటికీలోంచి వీధి చూస్తూ, "ఇంక బామ్మని పెట్టెలో పెట్టేద్దాం చిన్నీ" అన్నాడు. పెట్టెలో పెట్టడమట. ఏదో పాత దుప్పటి సంగతి మాట్లాడినట్టు. ఎల్లుండి బడి హాల్లో ఆట ఉంది, ఒప్పుకున్న ఆట. నేను కాదనలేదు, అవుననలేదు, తేలికైన తల ఇంకొక్కటి చేసి ఇస్తాను, ఆదివారం పదకొండింటికి వచ్చి పట్టుకుని చూడు, అప్పటికీ వద్దంటే నీ ఇష్టం అన్నాను. ఆ ఆదివారం ఇదే. ఆ పదకొండు ఇంకో యాభై నిమిషాల్లో. డబ్బాలో మిగిలిన రెజిన్ కూడా ఇదే, ఇది చెడితే మళ్ళీ వచ్చే నెలే సరుకు అని షాపాయన ముందే చెప్పేశాడు. బామ్మ లేకుండా ఆటేమిటి, బామ్మ ఆడకపోతే అన్నయ్య ఇంట్లో కూచుని ఏం చేస్తాడు, నేను చేతుల పుల్లలు పట్టుకుని ఎవరి చంక కింద నిలబడాలి?

కుడి చెవి కిందకి, ఎడమ చెవి కిందకి. ఇది నాలుగో తల. మొదటిది వాన రోజు పోశాను. గాలిలో తడి ఉంటే రెజిన్ పొంగుతుందని సీసా మీద రాసే ఉంది, అంత చిన్న అక్షరాలు చదవడానికి నాకు కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు మీద మాస్కు పెట్టుకుంటే ఆవిరి పడుతుంది. చదవలేదు. విప్పి చూస్తే బామ్మ మొహం నిండా స్పాంజిలా చిల్లులు. రెండోదానికి ఓపిక చాలలేదు. గ్లాసులో మిగిలిన రెజిన్ గట్టిపడింది కదా అని అచ్చు విప్పేశాను. గ్లాసులో ముద్దగా ఉన్నది తొందరగా వేడెక్కి గట్టిపడుతుంది, అచ్చులో పల్చటి పొర ఇంకా పావుగంట మెత్తగానే ఉంటుంది. ఇది తెలియక కాదు, తెలిసీ చేశాను. నా వేళ్ళు ఆనినచోటల్లా చెంప లోపలికి పోయింది, బామ్మకి ఎవరో రెండు తగిలించినట్టు. మూడోది మాత్రం, చెప్పుకోకూడదు గానీ, అద్భుతంగా వచ్చింది. ఒక్క బుడగ లేదు. కనుబొమ పక్కన నాన్న ఉలి జారిన గీతతో సహా దిగింది. చెంచాడు సున్నపు రంగు కలిపితే ఎంత పాలిపోవాలో అంత పాలిపోయింది. తూస్తే పావుకిలో. నేను ఎగిరి గంతెయ్యలేదంటే వయసు అడ్డొచ్చింది గానీ లేకపోతే వేసేదాన్నే. అన్నయ్య వచ్చి మెడకర్ర పట్టుకుని, అటూ ఇటూ గబగబా నాలుగుసార్లు ఊపి, నిమిషం కూడా కాకముందే బల్ల మీద పెట్టేశాడు. "ఇది బామ్మ కాదు చిన్నీ, పడుచుపిల్ల. చేతిలో నిలవడం లేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మూడు వారాల పని, రెజిన్ వాసనకి తలనొప్పి, అరచేతుల మీద ఎర్రటి దద్దుర్లు, దానికి ఒక్క నిమిషం. పోనీ ఏం కావాలో చెప్పమంటే చెప్పడు. మా ఇంట్లో మగవాళ్ళందరికీ ఇదొక అలవాటు, బాగాలేదని చెప్పేసి వెళ్ళిపోతారు, ఎక్కడ బాగాలేదో మనం వెతుక్కోవాలి.

వెతికాను. కర్ర తలని వారం రోజులు దగ్గర పెట్టుకుని, తాడు కట్టి వేలాడదీసి, చూపుడువేలి మీద నిలబెట్టి, చివరికి పట్టుకున్నాను. నాన్న గడ్డం దగ్గర కర్ర లోపల తొలవలేదు. తక్కినచోటల్లా డొల్ల, గడ్డంలో మాత్రం నిండు కర్ర. అందుకే బామ్మ తల తనంతట తను ముందుకి వాలుతుంది, ఎత్తితే ఆలస్యంగా లేస్తుంది, ఆ ఆలస్యమే ముసలితనం. నా రెజిన్ తలకి ముందూ వెనకా ఒకటే బరువు, అందుకే పడుచుపిల్లలా ఎగిరింది. అబ్బా, ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం! నాన్న చెప్పకుండా దాచుకున్నదాన్ని ఇన్నాళ్ళకి దొంగిలించినట్టు. ఏమీ లేదు, గడ్డంలో నాలుగు సీసపు గుళ్ళు పెడితే చాలు, వలకి కట్టే గుళ్ళు, అరవై గ్రాములు. బరువు ఉండాల్సినచోటే ఉంటుంది, అన్నయ్య మణికట్టుకి తెలియను కూడా తెలియదు. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. చేతిలో పెట్టి మొహం చూద్దామని.

ఫోను మోగుతోంది. మోగనీ. బల్ల చివర వెల్లకిలా పడి వణుకుతూ కొంచెం కొంచెంగా జరుగుతోంది, అలాగే జరిగి కింద పడుతుందేమో, పడితే ఆ ఖర్మ కూడా ఈ తలదే. తెర మీద వదిన అని కనిపిస్తోంది. వదిన ఆదివారం పొద్దున ఊరికే చెయ్యదు. ఏదో చెప్పాలి, చెప్పకూడదు, చెప్పకుండా చెప్పాలి, ఆవిడ ఫోన్లన్నీ అలాంటివే. మొన్న కూడా అంతే. మీ అన్నయ్య ఈమధ్య టీ సగం గ్లాసే పొయ్యమంటున్నాడు అంది. మంచిదేగా, సగం తాగితే నిద్ర పడుతుంది అన్నాను. చొక్కాలు మానేసి తల మీంచి తొడుక్కునేవే వేసుకుంటున్నాడు అంది. వయసొచ్చాక అవే హాయి అన్నాను. సరేలే అని పెట్టేసింది, ఆ సరేలేలో నాకు వినిపించనిదేదో ఉండిపోయింది. ఆవిడకి నా మీద ఎప్పుడూ ఒక చిన్న గుర్రు ఉంది, ఇంటి మనిషి కంటే చెల్లెలి పక్కనే ఎక్కువసేపు నిలబడతాడని. నిలబడితే మాత్రం, తెర వెనక చీకట్లో, చెమటలో, చేతులు పైకెత్తుకుని, అదేం భాగ్యం? మాటలు కూడా ఉండవు. అన్నయ్య ఊపిరి ఎప్పుడు లోపలికి తీసుకుంటే బామ్మ ఎప్పుడు తిరగబోతోందో నాకు తెలుస్తుంది, అంతే. ఆగిపోయింది ఫోను. నెత్తి కిందకి, గడ్డం కిందకి. జారే చప్పుడు మారింది, ఇందాక నీళ్ళ చప్పుడు, ఇప్పుడు తేనె. పదీ ఇరవై ఆరు.

అన్నయ్య మానేసినవంటే గుర్తొచ్చింది, కళ్ళు. బొమ్మల కళ్ళు వెయ్యడం అన్నయ్య పని. నాన్న తర్వాత ఆ కుంచె ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఊపిరి బిగబట్టి, చిటికెనవేలు బొమ్మ చెంప మీద ఆనించి, ఒక్క గీతలో పైరెప్ప, ఒక్క గీతలో కిందిరెప్ప. నేను అడిగితే నీకు తొందరెక్కువ, నువ్వు చేతులు చేసుకో అనేవాడు. నిజమే, నాకు తొందరెక్కువ, రెండో తల సాక్షి. అలాంటిది రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి కుంచె నా చేతికిచ్చి, నీకే బాగా వస్తుంది, నాకు కళ్ళజోడు కుదరడం లేదు అన్నాడు. నాకు కొండెక్కినంత సంబరం. నలభై రెండేళ్ళు వచ్చాక అన్నయ్య మెచ్చుకున్నాడని రాత్రి నిద్ర పట్టలేదు, మా ఆయనని లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత వేసిన కళ్ళన్నీ నావే, దొంగవి, సిపాయివి, పిల్లివి. అవి అన్నయ్య వేసినంత బాగుండవు. బాగున్నాయనే అంటాడు. అలా అనడం కూడా ఈమధ్యే నేర్చుకున్నాడు, వెనకటి అన్నయ్యయితే రెప్ప వంకర పోయిందని చెరిపించి మళ్ళీ వేయించేవాడు.

దురద తగ్గింది. అమ్మయ్య. తగ్గిందని తలుచుకోగానే మళ్ళీ వచ్చింది. భుజానికి రుద్దుకుందామని తల వంచాను, మాస్కు కాస్త పక్కకి జరిగింది, రెజిన్ ఘాటు గుప్పున కొట్టింది, దగ్గొచ్చి ఒంగితే మోచెయ్యి తగిలి బల్ల మీది పాతగుడ్డ జారి కింద పడింది. ఇందాక కలిపిన గ్లాసు తుడిచి పడేసిన గుడ్డ. దాని కింద చిన్న గిన్నె. గిన్నెలో నాలుగు సీసపు గుళ్ళు.

తిప్పడం ఆపలేదు, చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి, కళ్ళు మాత్రం ఆ గిన్నె మీదే. నాలుగూ ఉన్నాయి. ఒకటి రెండు మూడు నాలుగు. గడ్డంలో ఉండాల్సినవి గిన్నెలో ఉన్నాయి. మర్చిపోకూడదని కళ్ళెదురుగా పెట్టుకున్నది నేనే, వాటి మీద గుడ్డ పడేసిందీ నేనే. మొదటి పొర పొయ్యగానే గడ్డం గుంటలో వాటిని కూచోబెట్టి, పైన ఇంకాస్త పోసి, అప్పుడు మూత బిగించాలి. అనుకున్నాను, రాత్రి పడుకునేముందు కూడా ఆ వరసే అనుకున్నాను. పొద్దున షాపాయన ఫోను చేసి రెండు సీసాలూ బాగా కుదిపి కలపండమ్మా అని మూడోసారి చెప్పాడు, నాకు తెలుసండీ అని పళ్ళు నూరుకుంటూ పెట్టేశాను, ఆ విసురులో పోసేశాను, బిగించేశాను. ఇప్పుడు విప్పితే? లోపల రెజిన్ సగం పేరుకుంది, విడదీస్తే పొర చిరుగుతుంది. మెడ రంధ్రంలోంచి వెయ్యొచ్చు కదా అంటే మెడకర్ర కోసం కట్టె బిరడా దిగ్గొట్టాను, అది లాగితే మెడే ఊడొస్తుంది. తర్వాత లోపల అతికించొచ్చు కదా అంటే గడ్డం దాకా వేలు పోదు, పుల్లతో తోస్తే ఎక్కడ అతుక్కుంటుందో దేవుడికే తెలియాలి, ఆటలో ఊడి లోపల గిలక్కాయలా మోగితే అదొక నవ్వులాట. మొత్తానికి ఇంత చేసి, మూడో తలనే మళ్ళీ చేశాను. అక్షరాలా అదే తల. పడుచుపిల్ల. అన్నయ్య పట్టుకుంటాడు, ఊపుతాడు, బల్ల మీద పెడతాడు, పెట్టెలో పెట్టేద్దాం అంటాడు.

అరవాలనిపించింది. అరిస్తే ఎవరున్నారు, షెల్ఫులో ఆవిడ తప్ప. ఆపెయ్యొచ్చు. ఈ క్షణం అచ్చు బల్ల మీద పడేసి, గ్లవ్స్ విప్పి, తృప్తిగా ముక్కు గోక్కుని, టీ పెట్టుకుని తాగొచ్చు, నిండు గ్లాసు. ఎందుకు తిప్పుతున్నట్టు? ఎందుకో తెలియదు, ఆపలేకపోతున్నాను. ముందుకి, వెనక్కి. నా మీద నాకున్న కోపం చాలక అన్నయ్య మీదికి మళ్ళింది. మణికట్టు నొప్పయితే డాక్టరు దగ్గరికి పోవచ్చుగా, కట్టు కట్టించుకోవచ్చుగా, నూనె రాయించుకోవచ్చుగా, అడిగితే చూస్తాలే అంటాడు. ఒక్కరోజైనా, చిన్నీ నాకు బామ్మని వదలడం ఇష్టం లేదు, ఏదో ఒకటి చెయ్యి అన్నాడా? అనడు. నేనే నెత్తీనోరూ కొట్టుకుని, వద్దన్న మనిషి కోసం వాసనలు పీల్చుకుంటూ, చేతులు పడిపోయేలా తిప్పుకుంటూ. చిన్నప్పుడూ ఇంతే. తెర వెనక నాకు అందక ఏడుస్తుంటే పీట వేసి ఎక్కించింది తనే, పుల్లలు చేతికిచ్చింది తనే, నేను తప్పుగా ఊపి బామ్మ చెయ్యి దొంగ కంట్లో పొడిస్తే నాన్న తిట్టకుండా, అప్పటికప్పుడు బామ్మ గొంతుతో కావాలనే పొడిచానురా అని జనాన్ని నవ్వించిందీ తనే. నా తప్పులన్నీ బామ్మ నోటితో సరిదిద్దేశాడు. నేను మాత్రం అన్నయ్య చెయ్యి ఒక్కటి తేలిక చెయ్యలేకపోయాను. ఏడుపొచ్చింది. మాస్కులో ఏడుస్తే ముక్కు దురద ఇంకా పెరుగుతుందని కూడా ఇవాళే తెలిసింది.

పదీ నలభై. అచ్చులో చప్పుడు లేదు. ప్లాస్టర్ మీదికి వెచ్చదనం వస్తోంది, లోపల పని మొదలైందన్నమాట, మనిషి ఒంటి వెచ్చదనమంత. గ్లాసులో అడుగున మిగిలినదాంట్లో పుల్ల కర్రలా దిగబడి నిలుచుంది. ఇంకో పావుగంట. ఇంక తిప్పకపోయినా మునిగిపోయేదేం లేదు, అయినా తిప్పుతున్నాను, చేతులకి ఆపడం ఎలాగో గుర్తులేదు. గుమ్మంలో చెప్పుల చప్పుడు, అన్నయ్యదే, ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. పదకొండంటే పావు తక్కువకే వస్తాడు, ఎప్పుడూ అంతే. లోపలికి వచ్చి, కిటికీ పక్క స్టూలు మీద కూచుని, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, ఇంకా అవలేదా అన్నాడు. కాస్త నా ముక్కు గోకి పుణ్యం కట్టుకోమన్నాను. మాస్కు వేసుకుని ఉన్నావుగా అన్నాడు. జరిపి గోకమన్నాను. నవ్వాడు, జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. చెల్లెలి ముక్కు గోకడానికి కూడా చేతులు రాని మనిషి కోసం అనుకుని మళ్ళీ పళ్ళు నూరుకున్నాను. వదిన ఫోను చేసిందని చెబితే, దేనికట అని గబుక్కున అడిగాడు. ఎత్తలేదన్నాను. ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు తెలుసు, తెర వెనక పక్కన నిలబడి ముప్ఫై ఆరేళ్ళు విన్నది, తప్పించుకున్నప్పటి ఊపిరి.

పదకొండయింది. కట్లు విప్పాను, ప్లాస్టర్ చెక్కలు రెండు పక్కలకీ తీశాను, సిలికాన్‌ని పండు తొక్కలా మెల్లగా ఒలిచాను. చేతులు నా మాట వినడం లేదు, మోచేతుల దాకా సత్తువ లేదు, అయినా దేనికీ తగలకుండా వచ్చింది. ఒక్క బుడగ లేదు. కనుబొమ పక్కన నాన్న ఉలి గీత. చెవి వెనక పక్షి గీరినట్టు రెండు గాట్లు. ఇంత బాగా వచ్చింది చూడు, దేనికీ పనికిరానిది అనుకుని, ముందే చెప్పేస్తే నయమని, గడ్డంలో సీసం పెట్టాల్సింది మర్చిపోయాను, ఇదీ పోయినసారిదానిలాగే ఎగురుతుంది, నన్నేమీ అనకు అన్నాను. కసురుతాడనుకున్నాను. పోనీలే అన్నాడు. ఏదో భారం దిగినట్టు అన్నాడు పోనీలే అని. అదే నాకు పట్టరాని కోపం తెప్పించింది. గంటసేపు తిప్పాను, కనీసం పట్టుకుని చూడు అని మెడకర్రకి బిగించి ముందుకి చాపాను. ఎందుకులే, చూస్తూనే ఉన్నాగా అన్నాడు. పట్టుకో అన్నాను. కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. తీస్తూనే తలని అందుకుని, పోయినసారిలాగే గబగబా అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు.

"ఊపకు. ఒక్క నిమిషం కదలకుండా పట్టుకో, ముక్కు పక్కన అతుకు చూడాలి" అన్నాను.

ఊపడం ఆపాడు. బామ్మ తల ఆగలేదు. సన్నగా, అడ్డంగా, ఎవరో వద్దు వద్దంటున్నట్టు కదులుతూనే ఉంది. మెడ వదులైందేమోనని బిరడా తడిమాను, గట్టిగానే ఉంది. నిటారుగా పెట్టన్నయ్యా అన్నాను. పెట్టాడు. కదులుతూనే ఉంది. అప్పుడు తల మీంచి నా చూపు కిందకి దిగింది, మెడకర్ర, కర్ర చుట్టూ వేళ్ళు, బిగపట్టిన కొద్దీ వేళ్ళ కణుపులు తెల్లబడుతున్నాయి, అయినా ఆ వేళ్ళు నిలవడం లేదు. మణికట్టు నొప్పి కాదు. నొప్పి ఎప్పుడూ లేదు. సగం గ్లాసు టీ, బొత్తాలు లేని చొక్కాలు, కుదరని కళ్ళజోడు, నా చేతికొచ్చిన కుంచె, అన్నీ ఈ చేతిలోనే ఉన్నాయి. కిలో కర్ర తల ఆ వణుకుని తన బరువు కింద అణిచిపెట్టింది, నేను పావుకిలో తల చేసి బయటపెట్టాను. మూడో తల చేతిలో నిలవడం లేదన్నాడు, అబద్ధం కాదు. నేనేమో అరవై గ్రాముల సీసం కోసం వారం రోజులు వెతికాను. చంక కింద నిలబడి, ఊపిరి విని అన్నీ తెలుస్తాయనుకుని, ఇంత దగ్గర్నుంచి చూడలేకపోయాను. ఎన్నాళ్ళనుంచి అని అడిగాను.

అన్నయ్య నా వైపు చూడలేదు. బామ్మ చూసింది.

"రెండేళ్ళయిందే తల్లీ" అంది బామ్మ, ఆవిడ సణుగుడు గొంతుతోనే. "ఆ పాత తల బరువుగా ఉంది కాబట్టి ఎలాగో కప్పుకొచ్చాను. ఇప్పుడదీ ఎత్తలేకపోతున్నా. నువ్వేమో తేలిక చేస్తానంటూ ఒకదాని తర్వాత ఒకటి పోస్తున్నావు. ఎలా చెప్పమంటావు?"

ఎదురుగా షెల్ఫులో కర్ర తల, ఇక్కడ ఈ తల. అదే మొహం, అదే ఉలి గీత. ముప్ఫై ఆరేళ్ళలో బామ్మ ఇంత ముసలిదానిగా నాకెప్పుడూ కనిపించలేదు. గడ్డం సన్నగా ఆడుతోంది, మాట ఆగిన తర్వాత కూడా ఆడుతోంది, ఇంకా ఏదో చెప్పాలనుకుని మింగేసినట్టు. నాన్న గడ్డంలో కర్ర మిగిల్చి తెచ్చిన ముసలితనం దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఆ మాట నాన్న మీద ప్రేమ కొద్దీ బయటికి అనలేదు.

"జనం నవ్వుతారు చిన్నీ." ఈసారి అన్నయ్య సొంత గొంతు.

"బామ్మకి ఎనభై ఏళ్ళు అన్నయ్యా. ఇన్నాళ్ళూ వణకనందుకు నవ్వాలి."

అన్నయ్య బామ్మని దించలేదు. ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పైకి లేచింది, ముందు భుజం దాకా, తర్వాత నెత్తికి పైకి, బామ్మ కిటికీ వెలుగులోకి వెళ్ళి వీధివైపు చూస్తూ వణుకుతూ నిలబడింది. గిన్నెలో సీసపు గుళ్ళు తీసి సొరుగులో పడేశాను. గోడకి వేలాడుతున్న బామ్మ చేతులు రెండూ దించి, పుల్లలు పట్టుకుని, వెళ్ళి అన్నయ్య చంక కింద నిలబడ్డాను. నిలబడ్డాక భయమేసింది. తల ఇలా వణుకుతుంటే చేతులు రాయిలా నిలిస్తే అతకదు, చేతులూ వణకాలి, అది నాకు ఎలా వస్తుంది? పైకెత్తాను. వస్తోంది. గంటసేపు నాలుగు కిలోలు తిప్పిన చేతులు, నేను ఆపుదామన్నా ఆగడం లేదు. బామ్మ వేళ్ళు బామ్మ గడ్డంతో పాటే ఆడుతున్నాయి, గాజులు సన్నగా మోగుతున్నాయి.

"ఎల్లుండికి నా చేతులు సర్దుకుంటాయి. ఎలా వణకాలో నేర్పు అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య ఊపిరి లోపలికి తీసుకున్నాడు, అంటే బామ్మ తిరగబోతోంది. తిరిగింది, మెల్లగా, వణుకుతూ, కిటికీ వదిలి నా మీదికి వంగింది.

"నేర్పుతాలే" అంది సణుగుతూ. "ముందు ఆ మాస్కు తీసి ముక్కు గోక్కో."